దొరికిన కుక్కకు ఒక ఇల్లు ఉండవచ్చు

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ ప్రహరీ పక్కన ఒక కుక్క ముడుచుకొని పడుకొని ఉందనుకుందాం. దాని మెడకు నీలం నైలాన్ తాడు ముక్క వేలాడుతోంది. పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి, చెవుల మడతల్లో గోమార్లు గుత్తులుగా పట్టాయి. అటుగా వెళ్తున్నవారెవరో ఫోటో తీసి జంతు రక్షణ బృందం వాట్సాప్ గ్రూపులో పెడతారు. గంటలోపే వాలంటీర్లు వచ్చి దాన్ని తీసుకెళ్తారు, సెలైన్ పెట్టిస్తారు, మందులు వాడతారు, ఒళ్లంతా కడుగుతారు. కనికరం లేని మనుషులెవరో కట్టేసి మాడ్చి చివరికి రోడ్డున వదిలేశారన్న వ్యాఖ్యతో ఆ ఫోటో వందల మందికి చేరుతుంది. పది రోజులు తిరగకముందే ఆ కుక్క హైదరాబాద్‌లో ఒక కుటుంబానికి దత్తత వెళ్తుంది.

అదే ఫోటోను మరోలా కూడా చదవవచ్చు. తాడు కొస కత్తితో కోసినట్లు నున్నగా లేదు, పీచులు పీచులుగా ఉంది. అంటే కుక్క దాన్ని కొరికి గానీ, గుంజుకొని గానీ తెంపుకొని ఉండవచ్చు. పటాకుల మోతకో, పెళ్లి ఊరేగింపులో డీజే దెబ్బకో బెదిరి పారిపోయిన కుక్క వారం పదిరోజులు తిండిలేక తిరిగితే ఎంత బలిష్ఠమైనదైనా ఇలాగే తయారవుతుంది. గోమార్లు పట్టడానికి నెలలు అక్కర్లేదు, కొన్ని రోజులు చెట్టూ పుట్టా పట్టుకొని తిరిగితే చాలు. మెడ చుట్టూ వెంట్రుకలు అరిగి సన్నని గీత పడి ఉంటే అది ఏళ్ల తరబడి బెల్టు వేసుకున్న కుక్క. ఆటో చప్పుడుకు బెదరకుండా ఒక స్కూటర్ శబ్దానికి మాత్రం చెవులు రిక్కిస్తే, అలాంటి స్కూటర్ మీద ఎవరో రోజూ ఇంటికి వస్తారని అర్థం. దేశాయిపేటలోనో కరీమాబాద్‌లోనో ఒక ఇంట్లో దాని గిన్నె ఇంకా గడప పక్కనే బోర్లించి ఉండవచ్చు. ఈ రెండో కథ నిజమా కాదా అని తేల్చుకోకుండానే మొదటి కథ మీద కుక్క జీవితాన్ని, ఒక కుటుంబం ఆశను మలుపు తిప్పడం సరైనదేనా అన్నదే ఇక్కడి చర్చ.

జంతు రక్షణ బృందాల సేవను తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అర్ధరాత్రి కాజీపేట రోడ్డు మీద వాహనం గుద్దిన కుక్కను దుప్పట్లో చుట్టి తీసుకెళ్లేది వారే, సొంత జీతంలోంచి ఎక్స్‌రేలకు డబ్బు కట్టేది వారే. 2023 మే నెలలో కాజీపేటలో వీధికుక్కల దాడిలో ఒక బాలుడు చనిపోయిన తర్వాత, గల్లీలో విడిగా తిరిగే ఏ కుక్క మీదనైనా జనానికి సహనం తగ్గింది. ఆ భయం అర్థం చేసుకోదగినదే. దారితప్పిన పెంపుడు కుక్కకు అలాంటి వాతావరణంలో వీధి ఎంతమాత్రం సురక్షితం కాదు కాబట్టి, కనిపించిన వెంటనే చేరదీయడం మంచి పనే. చిక్కంతా చేరదీసిన తర్వాత మొదలవుతుంది. ఈ కుక్క ఎవరిది అన్నది ఒక ప్రశ్న. వారు దీన్ని పెంచడానికి తగినవారేనా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు వెతకడం దొరికించుకున్నవారి విధి. రెండోదాన్ని తీర్పుగా చెప్పే అధికారం వారికి లేదు. ఆచరణలో మాత్రం రెండో ప్రశ్నకు జవాబు ముందే రాసుకొని, దాని కారణంగా మొదటి ప్రశ్నను అడగడమే మానేయడం జరుగుతోంది.

తప్పిపోయిన జీవాన్ని ఏం చేయాలన్నది మన పల్లెలకు కొత్త సమస్య కాదు. బందెలదొడ్డి అన్న మాట తెలియని పాతతరం తెలంగాణ ఊళ్లలో ఉండదు. చేలో పడ్డ బర్రెను, దారితప్పి వచ్చిన ఎద్దును దొడ్డిలో పెట్టేవారు. యజమాని వచ్చి గుర్తులు చెప్పి, దండుగ కట్టి తోలుకుపోయేవాడు. కొమ్ము వంపు, నొసట చుక్క, కాలి మీద వాత, చెవి కోత చెప్పగలిగినవాడిదే పశువు. బ్రిటిష్ పాలనలో 1871లో వచ్చిన పశువుల అతిక్రమణ చట్టం ఇదే పద్ధతిని కాగితం మీద పెట్టింది. ఏడు రోజుల్లోగా ఎవరూ రాకపోతే దొడ్డి నిర్వాహకుడు పోలీసు స్టేషన్‌కు తెలపాలి. పశువు ఆనవాళ్లతో అక్కడ నోటీసు అంటించాలి. పట్టుకున్న చోటికి దగ్గరి ఊళ్లో, సంతలో డప్పు కొట్టించి చాటాలి. ఆ తర్వాత మరో ఏడు రోజులు చూసి అప్పుడే వేలం వేయాలి. ఆ చట్టం చెప్పిన పశువుల్లో కుక్క లేదు. అయినా దాని వెనుక ఉన్న న్యాయబుద్ధి గమనించదగినది. బర్రె బక్కగా ఉందా, యజమాని దానికి గడ్డి సరిగా వేస్తున్నాడా అని దొడ్డి కాసేవాడు విచారణ చేసేవాడు కాదు. తెలియజేయడం, ఎదురుచూడటం, గుర్తులు అడిగి అప్పగించడం అతని పని.

నేటి చట్టం కూడా ఇంతకు భిన్నంగా ఏమీ చెప్పడం లేదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 71వ సెక్షన్ ప్రకారం ఇతరుల వస్తువు దొరికి దాన్ని తన దగ్గర ఉంచుకున్న వ్యక్తికి, నమ్మి అప్పగించిన సొత్తును కాపాడేవాడికి ఉండే బాధ్యతే ఉంటుంది. ప్రాణమున్న కుక్కను వస్తువు కింద లెక్కకట్టడం మనసుకు కష్టంగానే ఉంటుంది. అయితే ఇంటివారి నుంచి దాన్ని ఎవరుపడితే వారు పట్టుకుపోకుండా ఆపేది కూడా ఆ లెక్కే. భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ మరింత స్పష్టంగా మాట్లాడుతుంది. యజమానికి అప్పగించే ఉద్దేశంతో దొరికిన సొత్తును తీసుకెళ్లి భద్రపరచడం నేరం కాదు. యజమాని ఎవరో తెలిసి గానీ, తెలుసుకునే మార్గం ఉండి గానీ, లేదా తగిన ప్రయత్నం చేయకుండా, సమాచారం ఇవ్వకుండా, తగినంత కాలం ఆగకుండా గానీ దాన్ని సొంతం చేసుకోవడం నేరం. దీనికి ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి. వాలంటీర్లను జైలుకు పంపాలన్న ఆలోచనతో ఈ సెక్షన్‌ను ఇక్కడ ప్రస్తావించడం లేదు. మంచి మనసుతో చేసిన పనికి, దురుద్దేశంతో చేసిన పనికి మధ్య చట్టం గీసిన గీత ఎక్కడుందో చూడాలి: వెతికారా, చెప్పారా, ఆగారా అన్న మూడు మాటల్లోనే అది ఉంది.

ఇంగ్లండ్‌లో 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ఆ ఆగాల్సిన కాలాన్ని అంకెల్లో చెబుతుంది. స్థానిక సంస్థ పట్టుకున్న కుక్కను ఏడు పూర్తి రోజులు ఉంచాలి. దొరికించుకున్న వ్యక్తే పెంచుకోదలిస్తే సంస్థకు తెలిపి కనీసం 28 రోజులు తన దగ్గరే ఉంచుకోవాలి. అక్కడ 2016 నుంచి పెంపుడు కుక్కలకు మైక్రోచిప్ తప్పనిసరి. బియ్యపు గింజంత ఉండే ఆ చిప్‌లోని 15 అంకెల సంఖ్యను రీడర్‌తో చదివితే యజమాని వివరాలు తెలుస్తాయి. మన దగ్గర సామాన్యుల కుక్కల్లో చిప్ ఉండటం అరుదు కాబట్టి ఎదురుచూసే కాలం అంతకంటే ఎక్కువే ఉండాలి తప్ప తక్కువ ఉండటం న్యాయం కాదు.

యజమానికి తిరిగి ఇవ్వడానికి బృందాలు వెనకాడటానికి ఒక బలమైన కారణం ఉంది, దాన్ని దాటవేయకూడదు. హింస నిజంగానే ఉంది. రోజంతా మూరెడు గొలుసుకు కట్టేసిన కుక్కలు ఉన్నాయి, గజ్జి పట్టగానే ఊరి బయట వదిలేసినవి ఉన్నాయి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ వీటిని నేరాలుగానే చెబుతుంది: చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం, పొట్టి గొలుసుతో అతిగా కట్టేయడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తిప్పకపోవడం, ఆకలిదప్పులతో బాధపడేలా వదిలేయడం. కానీ మొదటిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ యాభై రూపాయలను చూసినప్పుడు, ఫిర్యాదు చేసి ఏం లాభం, కుక్కను ఇవ్వకుండా ఉంటే సరిపోతుంది కదా అని ఒక వాలంటీరుకు అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే అదే చట్టం 29వ సెక్షన్‌లో ఇంకో దారి ఉంది. నేరం రుజువైన యజమాని దగ్గరే జంతువును ఉంచితే మళ్లీ హింసకు గురవుతుందని అతని పాత శిక్షలను, నడవడిని బట్టి తేలినప్పుడు, యాజమాన్యాన్ని తొలగించే అధికారం కోర్టుకు ఉంది. కేసు నడుస్తున్నంతకాలం జంతువు సంరక్షణ ఎలా ఉండాలో 2017లో వచ్చిన నియమాలు చెబుతున్నాయి. అంటే నిజమైన హింస కనిపించినప్పుడు వైద్యుడి చేత గాయాలు రాయించి, ఫోటోలు తీసి, పోలీసులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కుక్కను ఆ కేసులో భాగంగా ఉంచుకోవాలి. ఇది ఆలస్యమయ్యే, ఓపిక తీసే దారే. కానీ ఇందులో యజమానికి తన మాట చెప్పుకునే అవకాశం ఉంటుంది. కుక్క దొరకనే లేదని అబద్ధం చెప్పి పంపేయడంలో ఆ అవకాశం లేదు. ఒకసారి ఆ అబద్ధానికి అలవాటుపడిన బృందం తన తప్పును ఎన్నటికీ తెలుసుకోలేదు.

హింస అని దేనిని అంటున్నామన్నది ఇంకా సున్నితమైన విషయం. పేదరికాన్ని క్రూరత్వంగా చూడటం తేలిక. బెల్టుకు బదులు చీర అంచు చింపి మెడకు కట్టిన ఇల్లు, కంపెనీ తిండికి బదులు రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ కలిపి పెట్టే ఇల్లు, టీకా కార్డు ఎక్కడ పెట్టారో తెలియని ఇల్లు కుక్కను ప్రేమించని ఇల్లు కానక్కర్లేదు. చాలా కుటుంబాలకు కుక్క తమదేనని చూపే కాగితం ఒక్కటే ఉంటుంది: జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు పశువుల దవాఖానలో ఉచితంగా వేసే రేబిస్ టీకా చీటీ. అది కూడా వర్షానికి తడిసి చిరిగిపోయి ఉండవచ్చు. కొత్తగా దత్తత అడిగేవారి ఇల్లు చూడటం, గేటు ఉందా, పగలు ఎవరుంటారు అని అడగటం సబబే. అక్కడ బృందం ఎంచుకుంటోంది. తన కుక్కను తాను అడిగేందుకు వచ్చిన మనిషికి అదే పరీక్ష పెట్టడం సబబు కాదు. అతను దత్తత కోరడం లేదు.

ఉత్తర తెలంగాణలో దీనికి ఒక ప్రత్యేకమైన రూపం ఉంది. కోతలయ్యాక ములుగు, భూపాలపల్లి, పరకాల వైపు రోడ్ల మీద గొల్లకురుమల గొర్ల మందలు సాగుతుంటాయి. రాత్రి ఒక రైతు పొలంలో ఎరువు కోసం మంద పెడతారు, తెల్లవారి మరో పొలానికి కదులుతారు. వెంట వచ్చే కుక్కలకు బెల్టు ఉండదు, పేరు రాసిన బిళ్ల ఉండదు. ఒంటిమీద పాత గాయాల మచ్చలు ఉంటాయి, బక్కగానే ఉంటాయి. వాటిలో ఒకటి వెనుకబడి రోడ్డు పక్కన కూర్చుంటే, కారులో వెళ్తున్నవారి కంటికి అది దిక్కులేని కుక్క. మందకు మాత్రం అది రాత్రి కాపలా. కాపరి రెండు మూడు రోజులకు వెనక్కి వచ్చి వెతుకుతాడు. అప్పటికి అది నగరంలో ఏదో అపార్ట్‌మెంట్‌లో కొత్త పేరుతో ఉంటే అతనికి తెలిసే దారి లేదు. వెళ్లి అడగడానికి అతనికి ఏ ఆఫీసూ లేదు.

ఇక్కడే సమాచారం ఇవ్వడం అన్న మాటకు అసలు అర్థం తేలుతుంది. బృందాలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాయి, అంతటితో ప్రకటన పూర్తయిందని నమ్ముతాయి. కుక్క పోగొట్టుకున్న పెద్దమనిషి చాయ్ హోటల్లో, కిరాణా కొట్టులో, పాలవాడి దగ్గర, ఆటో అడ్డాలో అడుగుతాడు. రెండు వెతుకులాటలూ ఒకే ఊళ్లో, ఒకే వారంలో, ఒకదానికొకటి తగలకుండా సాగుతాయి. తప్పిపోయిన కుక్క చాలాసార్లు ఇంటికి ఒకటి రెండు కిలోమీటర్ల లోపలే తిరుగుతుంటుంది కాబట్టి, దొరికిన చోటు చుట్టూ గోడల మీద ఫోటోతో కాగితాలు అంటించడం వెయ్యి లైకులకంటే ఎక్కువ పని చేస్తుంది. తెల్లవారుజామున గల్లీ గల్లీ తిరిగే పారిశుద్ధ్య కార్మికులకు ఏ ఇంటి కుక్క ఏదో తెలిసినంతగా మరెవరికీ తెలియదు. చెత్త సేకరించే ఆటోకు మైకు ఉంటుంది. వార్డులో ఒక్క ఉదయం ఆ మైకులో చెప్పించగలిగితే అదే నేటి డప్పు చాటింపు. దగ్గరి పశువుల దవాఖానకు, పోలీసు స్టేషన్‌కు, నగరపాలక సంస్థకు ఒక ఫోటో, ఒక తేదీ, దొరికిన చోటు తెలపడానికి గంటకు మించి పట్టదు.

ప్రకటన ఇచ్చినప్పుడు దొంగ యజమానులు వస్తారన్న భయం కూడా నిజమే. లాబ్రడార్ దొరికిందంటే ముగ్గురు నలుగురు నాదంటే నాదని ఫోన్ చేస్తారు. దీనికి విరుగుడు బందెలదొడ్డి దగ్గరే ఉంది: ఒక గుర్తును దాచిపెట్టాలి. ఫోటోలో ముఖం, రంగు మాత్రమే కనిపించనిచ్చి, పొట్ట కింద తెల్లమచ్చనో, వెనుక కాలికి అదనంగా ఉన్న గోరునో, విరిగిన పన్నునో చెప్పకుండా ఉంచి, వచ్చినవారిని అడగాలి. పాత ఫోన్లో కుక్కపిల్ల నాటి ఫోటోలు, టీకా వేసిన వైద్యుడి మాట, ఇరుగుపొరుగు సాక్ష్యం ఇవన్నీ రుజువులే. కుక్క తోక ఊపడాన్ని మాత్రమే రుజువుగా తీసుకోకూడదు. ఆకలిమీద ఉన్న కుక్క బిస్కెట్ పొట్లం ఉన్న చేతికి తోక ఊపుతుంది. అలాగే తోక ఊపకపోవడం కూడా కుక్క తనది కాదనడానికి సాక్ష్యం కాదు. జ్వరంతో, బెదురుతో, కొత్త వాసనల మధ్య ఉన్న కుక్క తన మనిషిని చూసి కూడా కొంతసేపు ముడుచుకొనే ఉండవచ్చు. ఒకటి రెండు నిమిషాలు దగ్గరికి రానిచ్చి వాసన చూడనివ్వాలి.

ఖర్చు విషయంలో చట్టం చెప్పేది చాలామందికి తెలియదు. కాంట్రాక్టు చట్టం 168వ సెక్షన్ ప్రకారం దొరికించుకున్న వ్యక్తి తాను స్వచ్ఛందంగా పెట్టిన ఖర్చు కోసం యజమాని మీద దావా వేయలేడు. కానీ ఆ ఖర్చు చెల్లించేదాకా సొత్తును తన దగ్గర ఉంచుకోవచ్చు. యజమాని నిర్దిష్టమైన బహుమతి ప్రకటించి ఉంటే దానికోసం దావా కూడా వేయవచ్చు. బిల్లులు చూపి అడగడం న్యాయమే, పెంపకందారుడు మందుల డబ్బు ఇవ్వడం మర్యాదే. కానీ దినకూలీ మీద బతికే మనిషి ముందు పన్నెండు వేల బిల్లు పెట్టి, కట్టలేకపోతే కుక్క మాదేనంటే, చట్టం ఇచ్చిన హక్కు తాకట్టు వ్యాపారంగా మారిపోతుంది. ఇంటివారు తమకు తాముగా చేయించగలిగిన దానికంటే ఎంతో ఖరీదైన వైద్యాన్ని వారిని అడగకుండా చేయించి, ఆ ఖర్చు చూపి కుక్కను ఆపడం మరీ తప్పు. వాయిదాల్లో తీసుకోవచ్చు, దాతలను అడగవచ్చు, వదులుకోనూవచ్చు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి ఒక మాట. వీధికుక్కల విషయంలో 2023 జంతు జనన నియంత్రణ నియమాలు ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవికి గుర్తు పెట్టి, పట్టుకున్న చోటనే వదలమంటాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, రేబిస్ సోకినవి, దూకుడుగా ఉన్నవి మినహా మిగతావాటిని ఆపరేషన్, టీకాల తర్వాత వాటి ప్రాంతంలోనే వదలాలని ఆదేశించింది. ఏ యజమానీ లేని కుక్కనే దాని గల్లీకి తిరిగి చేర్చమంటున్నప్పుడు, ఇల్లున్న కుక్కను దాని ఇంటికి చేర్చడానికి అంతకంటే తక్కువ శ్రద్ధ చూపడం ఎలా కుదురుతుంది? దారితప్పిన పెంపుడు కుక్క అని అనుమానం ఉన్నప్పుడు, గర్భసంచిలో చీము పట్టడం వంటి ప్రాణాపాయం లేకపోతే, ఎదురుచూసే గడువు ముగియకముందు ఆపరేషన్ చేయించకూడదు. చేశాక వెనక్కి తీసుకోలేని పని అది.

వరదలు వచ్చినప్పుడు ఇవన్నీ ఒక్కసారే మీద పడతాయి. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగినప్పుడు జనం డాబాల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగాయి. అలాంటి రాత్రి మెడకు తాడుతో నీళ్లలో కనిపించిన కుక్కను వదిలేసిన కుక్క అనడం తప్పుడు తీర్పు. పడవలో మనుషులకే చోటు చాలదు. 2005లో అమెరికాలో కత్రినా తుపాను సమయంలో ఇదే జరిగింది. సహాయక బస్సుల్లోకి పెంపుడు జంతువులను రానివ్వలేదు. తర్వాత స్వచ్ఛంద బృందాలు వేల జంతువులను కాపాడి దూర రాష్ట్రాలకు తరలించి దత్తత ఇచ్చాయి. ఇళ్లు కోల్పోయి శిబిరాల్లో ఉన్న యజమానులు నెలల తరబడి వెతికి, కొందరు కోర్టుల దాకా వెళ్లారు. మరుసటి ఏడాదే విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువులను కూడా చేర్చాలని అక్కడ చట్టం వచ్చింది. వరదలో దొరికిన కుక్కను జిల్లా దాటించకూడదన్న ఒక్క నియమం పెట్టుకుంటే ఇక్కడి బృందాలు అలాంటి దుఃఖాన్ని చాలావరకు తప్పించగలవు. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 145 కిలోమీటర్లు. వెతికేవాడికి అది వేరే దేశమే.

అన్నిటికంటే కష్టమైనది ఆలస్యంగా వచ్చిన యజమాని సంగతి. ఆరు నెలలు గడిచాయి, కుక్క కొత్త ఇంట్లో పిల్లలతో కలిసిపోయింది, అప్పుడు పాత ఇంటివారు ఫోటోతో వచ్చారు. తనది కానిదాన్ని ఇచ్చేవాడు పుచ్చుకున్నవాడికి పూర్తి హక్కును ఇవ్వలేడన్నది ఆస్తి విషయంలో పాత సూత్రం. ఆ లెక్కన పాత ఇంటివారి పక్షం బలమైనది. కానీ కుక్కకు కూడా ఒక మనసుంది, కొత్త ఇంటివారు మోసగాళ్లు కారు. ఇలాంటప్పుడు చూడాల్సింది బృందం అప్పట్లో ఏం చేసిందని. దొరికిన రోజు, చోటు, తీసిన ఫోటో, అంటించిన కాగితాలు, ఇచ్చిన ఫిర్యాదు నకలు, ఎదురుచూసిన రోజులు ఒక రిజిస్టరులో ఉంటే, తగినంత వెతికాకే ఇచ్చారని పాత ఇంటివారు కూడా చాలాసార్లు ఒప్పుకుంటారు. ఇద్దరూ కలిసి మాట్లాడుకొని, అప్పుడప్పుడూ వచ్చి చూసిపోయే ఏర్పాటుకు రావచ్చు. ఆ రిజిస్టరు ఖాళీగా ఉంటే, తప్పు తనదని ఒప్పుకొని, కొత్త ఇంటివారికి నచ్చజెప్పి కుక్కను వెనక్కి తెచ్చే బాధ్యత బృందానిదే. అందుకే దత్తత పత్రంలో మొదటి నెల రోజులను తాత్కాలిక సంరక్షణగానే రాసి, ఆలోగా యజమాని రుజువులతో వస్తే తిరిగి ఇస్తామని సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టే ముందు ఆ వాక్యాన్ని పైకి చదివి వినిపించాలి కూడా, ఎందుకంటే ఆ రోజు కుక్కను ఒళ్లో పెట్టుకున్న పిల్లలు కాగితం చదవరు.